కామరాజు గారి గొంతు

“యెస్, కామరాజు హియర్, హెచ్.ఆర్. మేనేజర్... అవునండీ, వివేక్ మా దగ్గరే మూడేళ్లు పనిచేశాడు. చాలా మంచి కుర్రాడు.”

ఫోన్ పెట్టేసి, గొంతులోని బరువు దించుకుని, రాజనర్సయ్య మళ్లీ రాజనర్సయ్య అయ్యాడు. “అయిపోయింది సార్. పిలగాని నౌకరి పక్కా.”

“మీ గొంతుకి దండం పెట్టాలండీ,” అన్నాడు జోగారావు.

అమీర్‌పేటలో కర్రీ పాయింట్ మీద ఉన్న ఆ ఇరుకు గదిలో బల్ల నిండా సెల్‌ఫోన్లే. ఒక్కో ఫోన్‌కి ఒక్కో కంపెనీ పేరు రాసిన చీటీ అంటించి ఉంది. ఆ కంపెనీలకు ఆ ఫోన్ తప్ప ఇంకేమీ లేదు. ఉద్యోగం రాని పిల్లలకు జోగారావు అక్కడ అనుభవం అమ్ముతాడు. పెద్ద కంపెనీలవాళ్లు ‘ఫలానా అబ్బాయి మీ దగ్గర పనిచేశాడా?’ అని ఫోన్ చేసి అడిగితే, కామరాజు పేరుతో అవునని చెప్పడం రాజనర్సయ్య పని.

ఈయనే ఒకప్పుడు సర్కారు ఫ్యాక్టరీలో టైమాఫీసు గుమాస్తా. మిషన్లో చెయ్యి పోగొట్టుకున్న కార్మికుడు తాగి వచ్చాడని చెప్పమని పైవాళ్లు ఎంత బెదిరించినా, తాగలేదని ఎంక్వైరీలో నిలబడి చెప్పాడు. దాంతో ప్రమోషన్ పోయింది. బస్తీలో మాత్రం ఆయన ఎదురుపడితే జనం సైకిల్ దిగి నమస్తే పెట్టేవారు. తర్వాత ఫ్యాక్టరీకి తాళం పడింది. ఊరంతా కంప్యూటర్ల వెంట పరుగెత్తింది. ఎక్కడో అమెరికాలో బ్యాంకులు కూలితే ఇక్కడ ఉద్యోగాల కోసం వచ్చిన పిల్లలుండే ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. ఈ గందరగోళంలో, నిజం చెప్పేవాడికి సైకిల్ దిగే మర్యాద ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు.

అసలు గమనించనివాడు ఆయన కొడుకు మహిపాల్. ఇంజనీరింగ్ చదివి రెండేళ్లుగా ఖాళీగా ఉన్నాడు. దోస్తులంతా దొంగ అనుభవం కొనుక్కుని ఉద్యోగాల్లో చేరిపోయారు. నువ్వూ కొనుక్కోరాదా అని ఎవరైనా అంటే, “మా నాన్న మొఖం ఎట్ల చూడాలె?” అంటాడు. ఆ నాన్న సోమాజిగూడలో ఏదో ఆఫీసు రిసెప్షన్‌లో కూర్చుంటాడని వాడి నమ్మకం.

తను ‘అవును’ అన్న ప్రతిసారీ కొడుకు ఇంకొకరి వెనక్కి పోతున్నాడని రాజనర్సయ్యకు తెలుసు. ఇల్లు గడవాలి కాబట్టి రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. లోపల సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

పోయిన వారం మహిపాల్ జిలేబీ పొట్లంతో ఇంటికొచ్చాడు.

“నాన్నా, నౌకరి దొరికింది! పంజాగుట్టల. ఒక్క అబద్ధం సుత చెప్పలే.”

“ఏం పని బిడ్డా?”

“దొంగ అనుభవం పెట్టుకున్నోళ్లను పట్టుకునుడు. పాత కంపెనీలకు ఫోన్ చేసి అడుగుతం. నిజమైతే ‘క్లియర్’ అని రాస్తం, కాకుంటే ‘ఫేక్’ అని రాస్తం. ఫేక్ అని తేలితే ఆ ఫోన్ నంబర్ సీదా పోలీసులకు పోతది.” వాడు నవ్వాడు. “నువ్వు నేర్పిందే నాన్నా. నా చేతితోని తప్పు రాత ఒక్కటి సుత రాయను.”

రాజనర్సయ్య చేతిలోని జిలేబీని మళ్లీ పొట్లంలో పెట్టేశాడు. “మస్తు సంతోషం బిడ్డా, గట్లనే ఉండు,” అని మంచినీళ్ల కోసం లేచిపోయాడు.

అందుకే ఇవాళ వివేక్ పని కాగానే జోగారావుకు చెప్పేశాడు. “సార్, రేపటి సంది నేను రాను.”

“ఏంటండీ, ఇప్పుడా?” జోగారావు మొహం మాడిపోయింది. “మొన్న ఎస్.ఆర్. నగర్‌లో మనలాంటి గది మీద పోలీసులు పడ్డారు. ఫోనెత్తినవాణ్ణే ముందు తీసుకెళ్లారు, ఇంకా బెయిల్ రాలేదు. కొత్తవాణ్ణి పెడితే తడబడతాడండీ. ఇవాళ భానుశ్రీ అనే అమ్మాయి వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. ఆ ఫోన్ ఒక్కటి చూసి వెళ్లిపోండి, మిమ్మల్ని ఆపను.”

సరేనన్నాడు. జోగారావు టీ తాగడానికి కిందికి దిగాడు. ఆయన మెట్లు దిగాడో లేదో ఫోన్ మోగింది.

“గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్. భానుశ్రీ గారి వెరిఫికేషన్ కోసం కాల్ చేస్తున్నాను.”

ఎంత ఆఫీసు భాష తొడిగినా, అది పుట్టినప్పటి నుంచి విన్న కొడుకు గొంతు.

“యెస్... కామరాజు హియర్.”

“ఎవరు సర్?” అవతలి గొంతు తడబడింది. లైన్ సరిగా లేదేమో అనుకున్నాడు.

“ఆమె మీ కంపెనీలో ఎన్నేళ్లు పనిచేశారు సర్?” ఈసారి ప్రశ్న మెల్లగా వచ్చింది.

మూడేళ్లు అంటే చాలు. అలవాటైన మాట, నాలుక మీదే ఉంది. కానీ ఆ మాటను రాసుకునేది తన కొడుకు చెయ్యి. వాడి మొదటి ఉద్యోగం, మొదటి వారం. ఆ చేతిని మురికి చేయడం ఆయనకు సాధ్యం కాలేదు.

“చెయ్యలే బిడ్డా.” కామరాజు గొంతు జారిపోయింది. “గా పిల్ల ఈడ పని చెయ్యలే. ఈడ కంపెనీయే లేదు. నేను కామరాజును సుత కాదు. ఉన్నది ఉన్నట్టు రాసుకో. నా గురించి ఫికర్ చెయ్యకు.”

అవతల కీబోర్డు టకటకలు వినిపించాయి. ఎంక్వైరీలో నిలబడ్డ రోజున ఉన్నట్టే గుండె తేలికగా ఉంది. పోలీసులు వస్తే రానీ. తను చెడినా, కొడుకైనా నిలబడ్డాడు. ఆ ధీమాతో ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

టకటకలు ఆగిపోయాయి.

“‘క్లియర్’ అని రాసిన నాన్నా.”