మూడో మలుపు

"తప్పింది. మార్కులు లేవు," అంటూ అట్టమీది కాగితానికి అడ్డంగా గీత కొట్టాడు జడ్జి.

తాడు పట్టుకున్న ఆయమ్మ కదల్లేదు. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి, కునుకైనా తీయకుండా నేరుగా మైదానానికి వచ్చిన మనిషి. ఆమె నల్ల కుక్క ఆఖరి చెక్కముక్క ముందు బోర్లా పడుకుని, మెచ్చుకోలు కోసం ఆమె మొహంలోకి చూస్తోంది.

"చెక్కముక్కలు మూడూ పట్టింది కదండీ," అంది ఆయమ్మ.

"పట్టింది. దారి వదిలేసింది. రెండో మలుపు నుంచి కంచెదాకా పోవాలి. అక్కడ మూడో మలుపు తిరిగి ఇక్కడికి రావాలి. మీది కంచె మొహమే చూడలేదు, అడ్డంగా వచ్చేసింది. గాలిలో వాసన పట్టుకుని వచ్చిందన్నమాట. ఈ పరీక్ష అడుగుల వాసనకి, గాలివాటానికి కాదు."

"నా కుక్క అడుగు వదలదండి."

"కాకిపిల్ల కాకికి ముద్దులేమ్మా," అన్నాడు పక్కనుంచి క్లబ్బు సెక్రటరీ. ఆయన జాతి కుక్క అంతకు ముందే పరీక్ష ముగించింది. కంచెదాకా వెళ్ళి, స్కేలు పెట్టి గీసినట్టు మూడో మలుపు తిరిగి వచ్చింది. నూటికి నూరు.

పొద్దుటి నుంచీ ఏరివేతలు జరిగి చివరికి మిగిలింది ఈ రెండు కుక్కలే. మైదానాన్ని తాడుతో రెండు భాగాలు చేశారు. రెండింటికీ పటం ఒకటే. కుక్కలు రావడానికి గంట ముందు ఒక మనిషి ఆ పటం ప్రకారం నడిచి, మధ్య మధ్య చెక్కముక్కలు పడేసి వస్తాడు. కుక్క అతని అడుగులు వాసన చూస్తూ పోవాలి. ఎటు పోవాలో దాని యజమానికి తెలియకూడదు, వెనక తాడు పట్టుకుని నడవడమే. అందుకే జడ్జి పటం గీసి, కవరు అంటించి ముందు రోజే క్లబ్బు ఆఫీసులో ఇచ్చాడు. నడిచే మనిషి తప్ప ఎవరూ విప్పడానికి లేదు. కుక్కల పోటీ అంటాం గానీ, ఒళ్ళు హూనమయ్యేది మనుషులకే.

గెలిస్తే చిన్న సంగతేం కాదు. కూలిన ఇళ్ళ కింద మనుషుల్ని వెతికే దళంలో ఒకే ఒక్క ఖాళీ ఉంది, మనిషికీ కుక్కకీ కలిపి. నల్లదానికి ఏడేళ్ళు నిండాయి. వచ్చే ఏడాది రానివ్వరు.

జడ్జి షామియానా వైపు తిరిగాడు. "బాబాయ్, పటంలో ఉన్నట్టే నడిచారుగా?"

బోర్లించిన బకెట్టు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్న ముసలాయన తలెత్తాడు. ఇరవయ్యేళ్ళుగా ఈ దారులు వేసేది ఆయనే. అందరికీ అడుగుల బాబాయ్.

"ఆ," అన్నాడు. అని, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

"ఇంకేం, పోనీయమ్మా," అన్నాడు సెక్రటరీ. "ఎండ మండిపోతోంది. అందరం ఇళ్ళకి పోదాం."

ఆయమ్మ వాదించలేదు. వాదించాలన్నా ఒంట్లో ఓపిక ఉండాలి కదా. వంగి, కుక్క ముందున్న చెక్కముక్క తీసుకుంది. "కాదుటే," అంది దానితో.

కుక్క లేచి నిలబడింది. ఆ మాట ఎందుకు పడిందో దానికి అర్థం కాలేదు. తాడు ఆమె చేతిలోంచి జారింది. అది వెనక్కి, రెండో మలుపు దాకా పరుగెత్తింది. అక్కడ ముక్కు నేలకి ఆనించి మళ్ళీ మొదలుపెట్టింది. కంచె వైపు పోలేదు. అడ్డంగా, మెల్లగా, అడుగు తరవాత అడుగు చూసుకుంటూ వచ్చి, సరిగ్గా అక్కడే బోర్లా పడుకుంది.

బాబాయ్ దాన్ని మొదటి నుంచీ చివరిదాకా చూశాడు. ఈ పని కూడా పోతే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. అదే ఆయన భయం. అయినా బకెట్టు మీంచి లేచాడు.

"జడ్జి గారూ, నేను కంచెదాకా పోలేదు."

"ఏంటి?"

"పొద్దుట్నుంచీ పదకొండు దార్లు నడిచాను. మోకాళ్ళు మాట వినలేదు. ఎవరు చూడొచ్చార్లే అని రెండో మలుపు నుంచి అడ్డంగా వచ్చేశాను. ఈ అమ్మాయి కుక్క నడిచింది నా అడుగుల్లోనే. దాని తప్పేం లేదు."

ఆయమ్మ ఉన్నచోటే నేలమీద కూలబడి కుక్క మెడ వాటేసుకుంది. ఏడుపు ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

"ఈమె భాగంలో ఒక్కదాన్లోనేనా?" అడిగాడు జడ్జి.

"రెంట్లోనూ. మోకాలికి రెండు న్యాయాలుండవు కదండీ."

సెక్రటరీ ముందుకొచ్చాడు. "చూశారా? ఇరవయ్యేళ్ళ నమ్మకం గంగలో కలిపాడు. నాలుగడుగులు వెయ్యలేనివాడు ముందే చెప్పాలి. ఇలాంటి మనిషిని రేపట్నుంచి గేటు లోపలికి రానివ్వకూడదండీ."

"తప్పు నాదే బాబూ," అన్నాడు బాబాయ్.

జడ్జి ఆయమ్మ కాగితం మీద పాత గీత రద్దుచేసి మార్కులు వేశాడు. తరవాత దాని కిందున్న సెక్రటరీ కాగితం తీసి, నూటికి నూరు అంకె చూసి, దూరంగా ఉన్న కంచె వంక చూశాడు.

"ఆయన సంగతి తరవాత చూద్దాం సెక్రటరీ గారూ. కంచె దగ్గరికి ఇవాళ ఎవరూ నడవలేదుట. మరి మీ కుక్క అక్కడిదాకా ఎవరి అడుగులు వాసన చూసుకుంటూ వెళ్ళింది?"