వద్దన్నవాళ్ళదే పిల్ల

"ఒసే సావణీ, పిల్ల సెయ్యి ఒగ్గీ!"

"నువ్వే ఒగ్గు అత్తా. నానొగ్గను!"

నెల్లిమర్ల దగ్గర పల్లెలో, ప్రార్థన మందిరం వసారాలో, ఏడేళ్ళ దేవిని చెరొక చేయీ పట్టి లాగుతున్నారు. ఒకవైపు నాయనమ్మ జగ్గమ్మ, మరోవైపు పిన్ని శ్రావణి. లారీ గుద్ది తల్లీతండ్రీ ఒకేసారి పోయిన ఆ పిల్లను గజపతినగరం నుంచి తీసుకొచ్చి వారమైనా కాలేదు.

పాస్టరు ఎల్లాజీ లోపలి నుంచి పరుగున వచ్చాడు.

"ముందు పిల్లని వదలండి! అనూరాధా, పాపను మనింట్లోకి తీసుకెళ్ళి ఇంత అన్నం పెట్టు."

పాస్టరు భార్య దేవిని పక్కనే ఉన్న ఇంట్లోకి తీసుకెళ్ళింది.

"ఇప్పుడు చెప్పండి."

"సెప్పడానికేటున్నాది అయ్యగారూ? పోయినోడు నా కొడుకు. ఇది ఆడి గుంట. నాకాడ కాక ఇంకెవులికాడ ఉంతాది?"

"అది అచ్చం నా తోడబుట్టిన అప్పే అయ్యగారూ. దాన్ని సూస్తే మా అప్ప నా ఎదురుగా ఉన్నట్టే ఉంతాది. అత్తకి కళ్ళు సరిగ్గా ఆనవు. రేపు మంచాన పడితే పిల్ల గతేటి?"

"నువ్వు మాత్రం? జూటు మిల్లుకెల్తే సీకటడ్డాక గానీ రావు. దాని తలెవులు దువ్వుతారే?"

ఎల్లాజీ కళ్ళు మూసుకున్నాడు. ఊళ్ళో ఆవును అమ్మాలన్నా, సంబంధం ఖాయం చేసుకోవాలన్నా అందరూ ఆయన్నే అడుగుతారు. ఆయన బైబిలు వాక్యంలో వెతికి దారి చెబుతాడు. ఇప్పుడాయనకు సొలొమోను రాజు గుర్తొచ్చాడు. ఒక బిడ్డ కోసం ఇద్దరు ఆడవాళ్ళు పోట్లాడుకుంటే, చెరిసగం చేస్తానని కత్తి తెమ్మన్న రాజు. బిడ్డ బతికితే చాలు, ఆమెకే ఇచ్చేయండి అన్నదే అసలు తల్లి అని తేల్చిన రాజు.

కత్తి తెమ్మనలేడు. అంత మాటయితే అనగలడు.

"పిల్ల మీ ఇద్దరి దగ్గరా వద్దు. విజయనగరంలో అనాథ పిల్లల హాస్టలుంది. సోమవారం నేనే తీసుకెళ్ళి చేర్పించేస్తాను," అన్నాడు గట్టిగా.

జగ్గమ్మ గబుక్కున ముందుకొచ్చింది. చేతులు జోడించింది.

"వద్దు బాబూ! పిల్లని సావణికే ఇచ్చీండి. నాకొద్దు."

ఎల్లాజీ గుండె తేలికపడింది. దేవుడు దారి చూపించాడనుకున్నాడు. తీర్పు చెప్పడానికి నోరు విప్పేలోగా శ్రావణి అందుకుంది.

"నాకూ వద్దు! అత్తకే ఇచ్చీండి."

"నానే ముందన్నాను. ముసల్దాన్ని, నానెక్కడ సాకుతాను? ఆ గుంట నాకొద్దంటే వద్దు!"

"ఇంట్లో ఉన్న నా పిల్లోడొక్కడు సాలు నాకు. ఆ పిల్ల నా గుమ్మం తొక్కడానికి ఈల్లేదు!"

ఇందాక నాదంటే నాదని అరిచినవాళ్ళు ఇప్పుడు నాకొద్దంటే నాకొద్దని అంతకన్నా గట్టిగా అరుస్తున్నారు. ఎల్లాజీకి విషయం అర్థమైంది. పోయిన నెల ఒక ఆదివారం ప్రసంగంలో ఆ రాజు కథ చెప్పింది తనే. ఇద్దరూ ముందే కూర్చుని విన్నారు. వద్దన్నవాళ్ళకే పిల్ల దక్కుతుందని ఇద్దరికీ తెలుసు.

"చాలు, ఆపండి! ఆ కథ మీ ఇద్దరికీ తెలుసని నాకు తెలిసింది."

జగ్గమ్మ తలదించుకుంది. "ఏటి సెయ్యమంతారయ్యా? అలాగంతేనే ఇస్తారనుకున్నాను."

శ్రావణి వసారా స్తంభానికి జారగిలబడి కూర్చుని కొంగులో మొహం దాచుకుంది. జగ్గమ్మ ఆమె పక్కనే చతికిలబడి ఏడ్చింది. పోయినవాళ్ళ కోసం ఆ ఇద్దరూ అంతసేపు కలిసి ఏడవడం అదే మొదటిసారి.

చివరికి శ్రావణే అంది. "అత్తా, నువ్వు కూడా మా ఇంటికి వచ్చీ. నాను మిల్లుకెల్తే నువ్వు దాని తల దువ్వు. దాన్ని నీకూ నాకూ మద్దిన పడుకోబెట్టుకుందాం."

జగ్గమ్మ తలూపింది. లేచి కళ్ళు తుడుచుకుని, "దేవమ్మా! రాయే తల్లీ, మనింటికెల్దాం," అని పిలిచింది.

అన్నం కంచంతో అనూరాధ వచ్చింది. అందులో మెతుకు కదల్లేదు.

"పాప ఇక్కడ లేదా? మీరు వద్దు వద్దని కేకలు వేసుకుంటున్నప్పుడు మా ఇంటి గుమ్మం దాకా వచ్చి నిలబడింది. తర్వాత చూస్తే కనబడలేదు. మీ దగ్గరికే వచ్చేసిందనుకున్నాను."

అందరూ పాస్టరు ఇంటి పెరట్లోకి పరుగెత్తారు. దేవి బట్టలుతికే బండ మీద, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. జగ్గమ్మ, శ్రావణి ఒకేసారి చేతులు చాచారు. పిల్ల దిగ్గున లేచి వెనక్కి జరిగింది. వాళ్ళిద్దరి వైపూ చూడకుండా పాస్టరు దగ్గరికి నడిచి, మెల్లిగా అడిగింది.

"అయ్యగారూ, ఆస్టలికి ఎల్లేదాకా మీ ఇంట్లో ఉండనా?"