ఇద్దరి సైకిల్

వరుస సెలవులొచ్చాయని సైకిల్ క్లబ్బు కొండదారి పట్టింది. ఇద్దరు తొక్కే సైకిల్ మీద ముందు అన్న, వెనక చూపులేని చెల్లెలు.

"అన్నయ్యా, బరువంతా నా మీదే వేస్తున్నావ్. కాళ్లున్నాయా, ఇంట్లో పెట్టొచ్చావా?"

ఆమె సణుగుతూనే పళ్ల బిగువున తొక్కింది.

పైన చదునైన చోట సైకిల్ ఆగింది. అన్న కాలు నేలకానించి, అలాగే హ్యాండిల్ మీదికి ఒరిగిపోయాడు. అందరికంటే ముందు పైకి చేరిన క్లబ్బు నర్సమ్మ పరుగున వచ్చి, పడుకోబెట్టి గుండె మీద చాలాసేపు నొక్కింది. లాభం లేకపోయింది.

"ఆయాసమొస్తే ఆగొచ్చుగా, మొండి మనిషి!" చెల్లెలు గుండెలు బాదుకుంది.

నర్సమ్మ ఆమె చేతులు పట్టుకుంది.

"కింది మలుపులోనే ఛాతీ పట్టుకున్నాడమ్మా. ఆపెయ్యమని ఇక్కణ్ణుంచి చేతులూపాను. వద్దని తలూపి, పక్కనున్న లోయ చూపించాడు. తర్వాత వెనక్కి నిన్ను చూపించాడు."