వేవిళ్ల మట్టి

మూసీ ఎగువన ఫ్యాక్టరీలు మూతపడి ముప్పై ఏళ్లయింది. వరదలతో పొలాలకెక్కిన సీసం మాత్రం మట్టిని వదల్లేదు. అందుకే ఇంటింటా, విషం తగిలితే ఎర్రబడే గిన్నె ఒకటి ఉంటుంది.

అన్నం వేసి చూద్దామని వచ్చిన సత్తవ్వకు ఆ గిన్నెలో తడిమట్టి పెళ్ల కనబడింది. గిన్నె నిప్పులా ఎర్రబడి ఉంది.

"వానకు మన చెలక మట్టి వాసనొచ్చి పాణం గుంజింది, అమ్మా. తినేముందు గిన్నెల ఏసి చూసిన," అంది నాలుగు నెలల కడుపుతో ఉన్న కూతురు రవళి. "వేవిళ్లల్ల కోరింది తినకుంటే పిల్లకు చెవుల చీము కారుతదంటివి గదా. నేను నీ కడుపులున్నప్పుడు నువ్వు తినలేదా?"

"రోజూ తిన్న. అప్పుడీ గిన్నెలు లేవు." సత్తవ్వ కూతురి వేళ్లు పట్టుకుంది. "నీ వేళ్ల వణుకు దేవుడిచ్చిందని అబద్ధం చెప్పిన బిడ్డా. నేను తిన్న మన్నిచ్చింది."

రవళి ఆ వేళ్లతోనే పెళ్లను తీసి వాకిట్లోకి విసిరేసింది. తల్లి ముఖం చూడకుండా, చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు పొయ్యమంది.