కాపలా లేని బంటు

ఆ రోజుల్లో మనిషి బుద్ధి మందగిస్తే ఇంట్లోని చదరంగపు బల్లే ఆటను పరీక్షించి కనిపెట్టి ఆసుపత్రికి చెప్పేది. ఆ తర్వాత వాళ్లను పాఠాలు చెప్పనిచ్చేవారు కాదు. కాకినాడలో పిల్లలకు చదరంగం నేర్పే అనసూయమ్మ ఆ పరీక్ష కోసం కూతురు హైమతో ఆడుతోంది. ఆట సగమైనా తల్లి గుర్రాలు కదల్లేదు. మధ్యలో ఒక బంటుకు కాపలా లేదు. హైమ దాన్ని కొట్టకుండా వేరే ఎత్తు వేసింది.

"ఏమే, ఆ బంటు కనబడలేదా?" అంది తల్లి.

"చూసుకోలేదమ్మా."

"నాతోనా అబద్ధం? జాలిపడి ఆడితే అది ఆట కాదే. ఎత్తు వెనక్కి తీసుకో."

హైమ ఏనుగును జరిపి బంటును కొట్టింది. కాసేపటికే తల్లి రాజు చిక్కుకున్నాడు. ఆసుపత్రికి కబురు వెళ్లినట్టు బల్ల అంచున ఎర్రదీపం వెలిగింది.

అనసూయమ్మ కూతురి కళ్లు తుడిచింది. "బాగా ఆడావు. రేపటి నుంచి పిల్లలకు నువ్వే చెప్పు."