చివరి ప్రకటన

“బర్నబాకును నయోమికిని జరగబోవు వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్న యెడల ఇప్పుడే చెప్పవలెను” అని పాస్టరుగారు వరుసగా మూడో ఆదివారం చర్చిలో పెళ్ళి ప్రకటనను చివరిసారి చదివారు.

“నాకుంది అయ్యగారూ” అంటూ ఆడవాళ్ళ వైపు నుంచి పెళ్ళికూతురే లేచింది.

చర్చి అంతా గొల్లున నవ్వింది. పలాసలో కొత్తగా ఆఫీసు ఉద్యోగంలో చేరిన బర్నబాకు చెవులు కాలిపోయాయి.

“ఏటే, ఏరికోరి ఇష్టపడ్డది నువ్వే కదే!” అంది పక్కనే కూర్చున్న నయోమి మేనత్త.

“ఇప్పుడూ ఇష్టమే అత్తా. పెళ్ళయ్యాక నా సేత ఎండుసేపల బేరం మానిపిత్తానని బావ మా నాన్నకి మాటిచ్చినాడంట. రాత్రే తెలిసింది. బేరం నాది. నన్నెవులూ అడగలేదు.”

“నీ కట్టం సూడలేకే గదా!” అన్నాడు బర్నబా, కూర్చున్నచోటి నుంచే.

“మరి మొన్న కోటబొమ్మాళి సంతలో నా సేపల బుట్ట ముందుకే మీ ఆఫీసోలతో వొచ్చి, నన్నెరగనట్టు పోనావేటి? బావా అని కేకేసినాను. ఇనపడనట్టే పోనావు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆమెకు మేలు చేస్తున్నాననే ఇన్నాళ్ళూ అనుకున్నాడు బర్నబా. చేపల బుట్ట దగ్గర ఆమె పక్కన నిలబడటం తనకే నామోషీ అని ఇప్పుడు తెలిసింది.

“ఏం బాబూ, నీకు నిజంగా వినపడలేదా?” పాస్టరుగారు మెల్లగా అడిగారు.

బర్నబా లేచాడు. తల ఎత్తలేకపోయాడు.

“ఇనపడింది అయ్యగారూ. పిలిసినప్పుడు నాకు ఇనపడింది.”

నయోమి కూర్చుంది. బర్నబాకు మాత్రం కూర్చోవడానికి మొహం చెల్లలేదు.