ఈకల ఈగ

"అక్కా, దాన్ని పళ్లెంల పెట్టు. నీ చేతుల ఉంటే ఫోటో మసకగ వస్తుంది" అన్నాడు తమ్ముడు నాగేశ్, పదోసారి.

జములమ్మ వదల్లేదు. కోడి ఈకతో, ఎర్రదారంతో గాలానికి తను కట్టిన ఈగ అది. చేపలు నిజమైనదే అనుకుని నోట కరుచుకుంటాయి. హైదరాబాదులో గాలం వేసే సంఘంవాళ్లు, ముడులు స్పష్టంగా కనబడే ఫోటో సాయంత్రంలోగా పంపితేనే ఈగల్ని కొంటామన్నారు. వాళ్ల ఊరు ధరూర్‌లో అప్పటికే పొద్దు వాలుతోంది.

"నా చేతులనే తియ్యి" అందామె.

"చెయ్యి వణుకుతుంటె ఎట్ల తీస్త? గింత మొండితనం ఏంది నీకు?"

విసుగు ఆపుకోలేక నాగేశ్ ఈగను లాక్కుని తెల్లటి పళ్లెం మధ్యలో పెట్టాడు. ఫోను దగ్గరగా దించి నొక్కాడు. ఈసారి దారం చుట్లన్నీ ఒక్కొక్కటే తేటగా కనిపించాయి.

"సూడక్కా, ఎంత మంచిగొచ్చిందో" అని ఫోను ఆమె ముందు పెట్టాడు.

జములమ్మ ఫోను వైపు తిరగలేదు. ఆమె వేళ్లు పళ్లెం అంచు వెంట మెల్లగా తడుముతున్నాయి.

"యాడ పెట్టినవ్ రా?" అంది.

ఈగ ఆమె కళ్లెదుటే ఉంది.